రోమా 3:22లోని "విశ్వాసము" ఎవరిది? మన తెలుగు బైబిలు అనువాదం గురించి ఒక ప్రశ్న

దేవరకొండ చదువరి (ప్రశ్న)

అందరికీ వందనములు. మా సంఘంలో స్త్రీల బైబిలు అధ్యయన కూడికలో, అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి వ్రాసిన లేఖ, అంటే రోమా పత్రిక చదువుతున్నాము. మూడవ అధ్యాయం 22వ వచనం దగ్గరికి వచ్చేసరికి చర్చ అక్కడే నిలిచిపోయింది. మన చేతుల్లో ఉన్న బైబిలు సొసైటీ వారి పరిశుద్ధ గ్రంథములో "అది యేసుక్రీస్తునందలి విశ్వాసమూలమైనదై, నమ్ము వారందరికి కలుగు దేవుని నీతియైయున్నది" అని ఉంది. కూడికకు వచ్చే ఒక డిగ్రీ విద్యార్థిని తన ఫోనులో 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల అనువాదం తెరిచి చూపించింది. అందులో ఉన్నది "యేసుక్రీస్తునందలి" కాదు, "యేసుక్రీస్తు యొక్క" విశ్వాసము అనే అర్థమిచ్చే మాట. ఒకటి మనం ఆయన మీద పెట్టుకొనే నమ్మికను చెబుతుంది, రెండవది ఆయనలోనే ఉన్న ఒక గుణాన్ని చెబుతుంది. ఈ రెండూ ఒకటే అని నేను అనలేకపోయాను, వాటిలో ఏది సరైనదో చెప్పడానికి నాకు గ్రీకు రాదు.

ఇది కేవలం పండితుల విషయమైతే ఇక్కడ అడిగేదాన్ని కాదు. మన ప్రాంతపు కూడికల్లో విశ్వాసాన్ని మనిషిలో ఎంత ఉందో కొలిచి చూసే పదార్థంగా మాట్లాడటం రోజురోజుకూ ఎక్కువవుతున్నది. జబ్బు నయం కాకపోతే, పెండ్లి సంబంధం కుదరకపోతే, బోరు వేస్తే నీళ్లు పడకపోతే, "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అనే మాట చాలా సులభంగా వస్తున్నది. నీతి అనేది నాలోని విశ్వాసపు మోతాదు మీద కాక క్రీస్తు నిలుపుకొన్న మాట మీద ఆధారపడి ఉన్నదని పౌలు చెబుతున్నట్లయితే, ఆ మాట విని కుంగిపోయిన స్త్రీలకు నేను చెప్పవలసింది చాలా ఉంటుంది. కాబట్టి తెలిసినవారు దయచేసి వివరించండి. మన తెలుగు అనువాదకులు "అందలి" అనే మాటను ఎందుకు ఎంచుకొన్నారు? అది మన ఆలోచనను ఒక వైపుకే తిప్పిందా?

నల్లగొండ తెలుగు పంతులు

సహోదరి గారికి వందనములు. గ్రీకు సంగతి తెలిసినవారు చెబుతారు. నేను బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి కనుక మన భాష వైపు నుండి ఒక విషయం మీ ముందు పెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు తెలుగులోనే ఉన్నదని నా అభిప్రాయం.

సంఘం వెలుపల, మన పల్లెల్లో "విశ్వాసం" అనే మాటను ఏ అర్థంలో వాడుతామో ఒకసారి గుర్తు చేసుకోండి. "ఉప్పు తిన్న విశ్వాసం", "కుక్కకున్న విశ్వాసం వానికి లేదు", "విశ్వాసఘాతకుడు" అంటాము. వీటిలో ఎక్కడా ఒక సిద్ధాంతాన్ని నిజమని ఒప్పుకోవడం అనే అర్థం లేదు. మేలు చేసినవారిని విడిచిపోకుండా ఉండటం, కష్టకాలంలో పక్కన నిలబడటం, చేసిన మేలు మరువకపోవడం, ఇవే ఆ మాటలో ఉన్నవి. తాతల కాలంలో పటేలు దగ్గర పనిచేసిన జీతగాని విశ్వాసాన్ని గురించి చెప్పుకొనేటప్పుడు, పటేలు ఉన్నాడని ఆ జీతగాడు నమ్మాడు అనే అర్థంలో ఎవరూ చెప్పరు. ఒక విషయం నిజమని ఎంచడానికి, ఒక మనిషి మీద ఆధారపడటానికి మనకు "నమ్ము", "నమ్మకం" అనే అచ్చతెలుగు మాటలు ఉన్నవి.

ఇప్పుడు మన బైబిలు తెరవండి. అక్కడ ఈ రెండు మాటలూ తమ చోట్లు మార్చుకొన్నవి. దేవుని నమ్మడానికి "విశ్వాసము" అనే మాట వచ్చింది. విడిచిపోకుండా నిలబడే గుణానికేమో "నమ్మకము" అనే మాట వచ్చింది. మత్తయి 25:21లో యజమానుడు "నమ్మకమైన మంచి దాసుడా" అంటాడు; ఊరిలో మనమైతే అటువంటి పనివాణ్ణి విశ్వాసం గలవాడు అంటాము. ప్రకటన 2:10లో స్ముర్న సంఘానికి "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అని చెప్పబడింది. అది కూడా మన వాడుకలో విశ్వాసమే. ఈ మార్పిడి తప్పని నేను అనను, ఎందుకంటే సంస్కృతంలో విశ్వాసము అనే మాటకు నమ్మిక అనే అర్థం మొదటినుండీ ఉన్నది, "నమ్మకమైన మనిషి" అని మనం కూడా అంటూనే ఉంటాము. కానీ తరతరాలుగా ప్రసంగాలు వింటూ వచ్చిన మన చెవికి సంఘంలోని విశ్వాసం ఒక మాటగా, ఊరిలోని విశ్వాసం వేరొక మాటగా విడిపోయినవి. "విశ్వాసులు" అంటే సంఘ సభ్యుల పట్టికలో ఉన్నవారు అనే అర్థం స్థిరపడింది. ఊరి మాటలో ఉన్న బలం సంఘపు మాటలోకి రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఊరి అర్థంలో విశ్వాసాన్ని ఎవరూ శేర్లతో కొలవరు. ఒకరికి ఒకరు కట్టుబడి ఉన్నారా లేదా అని మాత్రమే అడుగుతారు. అనువాదకులు ఎంచుకొన్న మాట మంచిదే, దానిని ఇరుకు చేసింది మన వాడుక అని నేననుకొంటాను.

పాలమూరు గ్రీకు విద్యార్థి

పంతులు గారు చెప్పిన దానికి గ్రీకు వైపు నుండి బలం చేకూరుతుంది. క్రొత్త నిబంధనలో మనం విశ్వాసము అని చదివే మాటకు మూలం "పిస్తిస్". నమ్మిక, నమ్మదగినతనం, ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండటం, ఈ మూడు అర్థాలూ ఆ ఒక్క మాటలో ఉన్నవి. కాబట్టి అనువాదకుడు ప్రతి చోటా ఏదో ఒక వైపుకు మొగ్గవలసిందే. మన అనువాదకులు ఆ సంగతి ఎరిగినవారే. రోమా 3:3లో "వారు అవిశ్వాసులైనందున దేవుడు నమ్మతగినవాడు కాకపోవునా?" అని ఉంది కదా, అక్కడ గ్రీకులో ఉన్నది "దేవుని పిస్తిస్". దేవుడు మరొకరియందు విశ్వాసముంచుతాడని అనలేము కనుక, దానిని ఆయన నమ్మదగినతనం అని సరిగానే తెలుగు చేశారు. అదే అధ్యాయంలో పందొమ్మిది వచనాల తరువాత "యేసుక్రీస్తు పిస్తిస్" వచ్చినప్పుడు మాత్రం అది మనం ఆయనయందు ఉంచే విశ్వాసం అయింది. రెండు చోట్లా గ్రీకు నిర్మాణం ఒక్కటే, "యొక్క" అనే అర్థమిచ్చే షష్ఠీ విభక్తి. తెలుగులో "దేవుని ప్రేమ" అన్నప్పుడు దేవుడు మనలను ప్రేమించడమా, మనం దేవుని ప్రేమించడమా అనేది సందర్భాన్ని బట్టి తేల్చుకొంటాము. రోమా 5:5లో మన అనువాదం "దేవుని ప్రేమ" అనే ఉంచి, నిర్ణయాన్ని చదివేవారికే విడిచింది. 3:22లో అలా విడిచిపెట్టకుండా "అందలి" అనే మాటతో దిక్కు నిర్ణయించింది.

ఈ దిక్కు తెలుగులో పుట్టినది కాదు. మార్టిన్ లూథరు 1522లో జర్మన్ క్రొత్త నిబంధన వెలువరించినప్పటి నుండి ఆయన అనువాదం "క్రీస్తునందలి" అనే అర్థాన్నే పట్టుకొన్నది. ఆంగ్లంలో టిండేలు, ఆ తరువాత కింగ్ జేమ్స్ అనువాదకులు షష్ఠీ విభక్తిని అలాగే ఉంచారు, కానీ పందొమ్మిదవ శతాబ్ది చివరి సవరణ నుండి ఆంగ్ల అనువాదాలు కూడా ఎక్కువగా లూథరు దారికే వచ్చినవి. 1983లో రిచర్డ్ హేస్ అనే అమెరికా పండితుడు గలతీ పత్రిక మీద చేసిన పరిశోధనతో చర్చ మళ్లీ రగిలింది. క్రీస్తు సిలువ మరణం వరకు చూపిన విధేయతనే, ఆయన కట్టుబాటునే పౌలు "క్రీస్తు పిస్తిస్" అంటున్నాడని హేస్ వాదం. జేమ్స్ డన్ వంటి పెద్ద పండితులు దానికి ఎదురు నిలిచి పాత అర్థాన్నే సమర్థించారు. 2011లో పూర్తి అయిన కామన్ ఇంగ్లిష్ బైబిలు క్రీస్తు విశ్వాస్యత అనే అర్థాన్ని నేరుగా పాఠంలోనే పెట్టింది. పండితులు నేటికీ ఒక్కమాట మీదికి రాలేదు.

ఇరువైపులా ఉన్న కారణాలు కూడా మీ కూడికలో చెప్పదగినవే. 3:22నే మళ్లీ చూడండి. "విశ్వాసమూలమైనదై, నమ్ము వారందరికి" అని చదువుతున్నాము. తెలుగులో రెండు వేరు వేరు మాటలు కనబడుతున్నవి కానీ గ్రీకులో రెండూ ఒకే ధాతువు నుండి వచ్చినవి. మొదటిది కూడా మన నమ్మికే అయితే పౌలు ఒకే మాటను వెంటవెంటనే రెండుసార్లు ఎందుకు చెప్పాడు అని హేస్ వైపువారు అడుగుతారు. క్రీస్తు నమ్మకత్వం మూలముగా, నమ్మువారందరికి, అని చదివితే రెండు భాగాలకూ పని ఉంటుంది. మరియు 4:16లో "అబ్రాహాము విశ్వాసము" అనే చోట ఇదే విభక్తి ఉన్నది. అక్కడ ఎవరూ అబ్రాహామునందలి విశ్వాసము అని చదవరు. ఎదుటివారు ఏమంటారంటే, గలతీ 2:16లో "యేసుక్రీస్తునందు విశ్వాసముంచియున్నాము" అని పౌలు క్రియారూపంలో ఏ సందిగ్ధమూ లేకుండా చెప్పాడు కనుక దాని పక్కనున్న నామవాచక రూపాన్ని కూడా ఆ వెలుగులోనే చదవాలి, నొక్కి చెప్పదలచినవాడు మాటను తిరిగి చెప్పడం సహజమే. నా మొగ్గు మొదటి వైపుకే ఉన్నది. అయితే రెండవది ఎంచుకొన్న మన అనువాదం దారి తప్పిందని మాత్రం నేను చెప్పను.

ఇంకొక్క మాట. పిస్తిస్ వెనుక పాత నిబంధన భాషయైన హెబ్రీలో "ఎమూనా" అనే మాట ఉన్నది. హబక్కూకు 2:4లో "నీతిమంతుడు విశ్వాసము మూలముగా బ్రదుకును" అన్న చోట ఉన్నది అదే. ఆ మాట నిర్గమకాండము 17:12లో కూడా వస్తుంది. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కినవి, అహరోను, హూరు చెరొక ప్రక్కన నిలిచి ఆ చేతులను ఆదుకొన్నారు, అవి "సూర్యుడు అస్తమించువరకు నిలుకడగా ఉండెను" అని మన తెలుగులో ఉంది. ఆ నిలుకడే హెబ్రీలో ఎమూనా. అక్కడ మోషే తన బలంతో చేతులు ఎత్తి పట్టుకోలేదు, ఇద్దరు పట్టుకొంటే ఆ చేతులు నిలిచినవి. హబక్కూకును చదివేటప్పుడు ఈ వచనాన్ని పక్కన పెట్టి చదివితే, విశ్వాసం ఒంటరి మనిషి గుండెలో ఉండే శక్తి మాత్రమే అనే తలంపు నిలబడదు.

వనపర్తి సంఘ పెద్ద

చర్చ మంచిదే గాని ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. మన పాత అనువాదం మన జనం నోట నాటుకొని ఉన్నది. చదువు రాని మా తల్లులు ఆదివారం విని, విని, అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా పట్టారు. మరణ పడక మీద వారి నోట వచ్చేది ఆ గ్రాంథిక వాక్యమే. వారి దగ్గరికి వెళ్లి "మీ వాక్యం సరిగా లేదు, గ్రీకులో వేరుగా ఉన్నది" అని చెప్పడం వల్ల వారికి కలిగే మేలు ఏమిటి? బెంజమిన్ షుల్జె అనే జర్మన్ మిషనరీ పద్దెనిమిదవ శతాబ్ది తొలి భాగంలోనే తెలుగులోకి అనువదించినా ఆ ప్రతి అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో డెగ్రాంజ్ దొర, ఆనందరాయలు గారు కలిసి చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయినవి, 1818లో క్రొత్త నిబంధన వచ్చింది. అప్పటినుండి ఎంతోమంది సవరించుకొంటూ వచ్చిన పాఠం ఇది. ఒక్కొక్క విభక్తి ప్రత్యయం వెనుక కొన్ని తరాల శ్రమ ఉన్నది. దానిని తేలికగా తీసివేయకూడదు.

విశ్వాసం చాలలేదు అని రోగులను నొప్పించడం తప్పే. ఆ తప్పు బోధకునిది, అనువాదానిది కాదు.

నాగర్‌కర్నూల్ నర్సమ్మ

పెద్దయ్య గారికి నమస్కారాలు. తప్పు బోధకునిదే అనే మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను, కానీ పూర్తిగా కాదు. నేను ఆసుపత్రిలో పనిచేసినదాన్ని. రోగుల దగ్గర ఆ బోధకులు ఎత్తి చూపే వాక్యాలు ఏవో నాకు బాగా తెలుసు, వాటిలో అనువాదం చేసిన ఎంపికకు కూడా పాత్ర ఉన్నది.

రక్తస్రావముగల స్త్రీతో ప్రభువు "కుమారీ, నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నాడని మార్కు 5:34లో చదువుతాము. లూకా 7:50లో, పరిసయ్యుని ఇంట ప్రభువు పాదాలను కన్నీళ్లతో తడిపిన స్త్రీతో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అన్నాడు. ఈ రెండు వాక్యాలూ గ్రీకులో అక్షరం తేడా లేకుండా ఒక్కటేనని మాకు ఒక శిక్షణా తరగతిలో చెప్పారు. ఆ క్రియకు రక్షించడం, ఆపద నుండి తప్పించడం, బాగుచేయడం అన్నీ అర్థాలే. జబ్బు ఉన్న చోట స్వస్థపరచెను అనీ, పాపం ఉన్న చోట రక్షించెను అనీ అనువాదకులు సందర్భాన్ని బట్టి విడదీశారు. అందులో న్యాయం ఉన్నది. అయితే దాని ఫలితంగా తెలుగు చదువరికి విశ్వాసం ఉంటే స్వస్థత కలుగుతుంది అనే లెక్క ఒకటి, విశ్వాసం ఉంటే రక్షణ కలుగుతుంది అనే లెక్క ఒకటి, వేరు వేరుగా ఏర్పడినవి.

లూకా 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల సంగతి చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. పదిమందీ వెళ్లుచుండగానే శుద్ధులయ్యారు. ఒక్కడు, సమరయుడు, తిరిగి వచ్చి ప్రభువు పాదాల వద్ద సాగిలపడ్డాడు. అతనితో ప్రభువు చెప్పిన మాట మన తెలుగులో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అని ఉంది. కానీ స్వస్థత తిరిగి రాని తొమ్మిది మందికి కూడా కలిగింది కదా? ఈ ఒక్కనికి అదనంగా దొరికింది ఏమిటి? ఇక్కడ గ్రీకులో ఉన్నది లూకా 7:50లోని మాటే కనుక "రక్షించెను" అని చదివితే కథ నిండుగా అర్థమవుతుంది. జబ్బు పోవడం పదిమందికీ సమానం. ప్రభువు దగ్గరికి తిరిగి వచ్చినవానికి అంతకంటే పెద్దది దొరికింది. పంతులు గారు చెప్పిన ఊరి మాట ఇక్కడ నాకు ఎంతో సరిపోయినట్లు అనిపించింది, ఎందుకంటే మేలు పొంది వెనుదిరిగి చూడనివాణ్ణి మన దగ్గర విశ్వాసం లేనివాడనే అంటారు.

మార్కు 9:24 గురించి కూడా చెప్పాలి. మూర్ఛరోగియైన కుమారుని తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని కేక వేసినట్లు మన బైబిలులో ఉంది. గ్రీకులో ఆ మాట ఇంకా పొట్టిగా, "నమ్ముచున్నాను, నా అపనమ్మకమునకు సహాయము చేయుము" అన్నట్లుగా ఉన్నదట. తెలుగులో తండ్రి తన అపనమ్మకం పోవాలని అడుగుతున్నాడు. మూలంలో అతడు అపనమ్మకంతోనే వచ్చి, ఉన్నది ఉన్నట్లుగా సహాయం అడుగుతున్నాడు. ప్రభువు అతని కుమారుని బాగుచేసే ముందు మిగిలిన అపనమ్మకాన్ని తీసివేసుకొని రమ్మనలేదు. పిల్లవాని మంచం పక్కన రాత్రంతా కూర్చున్న తల్లికి ఈ తేడా ఎంత పెద్దదో నేను చూసినదాన్ని.

దేవరకొండ చదువరి

అందరికీ హృదయపూర్వక వందనములు. నర్సమ్మ గారు చెప్పిన పదిమంది కుష్ఠరోగుల భాగాన్ని వచ్చే కూడికలో చదువుతాము. పెద్దయ్య గారు చెప్పిన జాగ్రత్త కూడా మనసులో పెట్టుకొన్నాను. వాక్యం మార్చి చదవాలని నా ఉద్దేశం కాదు, కంఠతా వచ్చిన వాక్యాన్ని అలాగే ఉంచి దాని లోతు చెప్పాలని మాత్రమే.

గ్రీకు తెలిసిన సహోదరునికి ఇంకొక ప్రశ్న. రోమా 3:28లో "విశ్వాసమువలననే" అని, యాకోబు 2:24లో "విశ్వాసమూలమున మాత్రముకాక" అని చదివినప్పుడు మా వాళ్లు ప్రతిసారీ తికమక పడతారు. ఇక్కడ కూడా అనువాదానికి పాత్ర ఉన్నదా?

పాలమూరు గ్రీకు విద్యార్థి

ఉన్నది, అది కూడా రెండు చోట్ల ఉన్నది.

మొదటిది "విశ్వాసమువలననే" లోని చివరి ఏకారం. గ్రీకులో ఆ స్థానంలో "మాత్రమే" అనే మాట లేదు. లూథరు తన జర్మన్ అనువాదంలో ఆ మాటను చేర్చినప్పుడు పెద్ద వివాదం లేచింది. జర్మన్ నుడికారం అలా అడుగుతుందనీ, పౌలు వాదసారం కూడా అదేననీ ఆయన 1530లో ఒక బహిరంగ లేఖ వ్రాసి సమాధానం చెప్పాడు. ఆయన ఒక పూర్తి మాట చేర్చి నాలుగు వైపులా నిందలు పడితే, మన భాషలో అదే పని ఒక్క ఏకారంతో జరిగిపోయింది, దానిని గమనించినవారు నాకు తెలిసి తక్కువ. తెలుగులో ఒకదానిని కాదని ఇంకొకదానిని చెప్పేటప్పుడు ఏకారం సహజంగా వచ్చి చేరుతుంది కనుక అనువాదకులను తప్పు పట్టలేము. అయితే క్రొత్త నిబంధన గ్రీకులో "విశ్వాసము", "మాత్రము" అనే రెండు మాటలు కలిసి వచ్చే చోటు యాకోబు 2:24 ఒక్కటే, అక్కడ ఆయన "మాత్రము కాదు" అంటున్నాడు. ఈ సంగతి తెలిస్తే ఇద్దరు అపొస్తలులూ ఎదురెదురుగా నిలబడి ఒకే వాక్యాన్ని ఔననీ కాదనీ అంటున్నారనే భ్రమ చాలావరకు తగ్గుతుంది.

రెండవది క్రియ. రోమాలో "నీతిమంతులుగా తీర్చబడుచున్నారు" అనీ, యాకోబులో "నీతిమంతుడని యెంచబడును" అనీ ఉన్నది. గ్రీకు క్రియ రెండు చోట్లా ఒక్కటే. తెలుగు చదువరికి పౌలు చెప్పేది దేవుడు చేసే పెద్ద కార్యంగానూ, యాకోబు చెప్పేది అంతకంటే చిన్నదైన ఒక గుర్తింపుగానూ వినబడుతుంది. యాకోబు మాట మనకు మెత్తబడి చేరుతున్నది. "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అని యాకోబు 2:19లో చదివేటప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది. గ్రీకులో దయ్యములు చేసే పనికీ, యోహాను 3:16లో "విశ్వాసముంచు ప్రతివాడును" చేసే పనికీ ఒకే క్రియ ఉన్నది. ఒక సంగతి నిజమని ఎంచే చోట "నమ్ము" అనీ, ఒక వ్యక్తియందు అనే చోట "విశ్వాసముంచు" అనీ మన అనువాదకులు చాలా చోట్ల పాటించిన పద్ధతి ఆలోచించి చేసినదే, యోహాను 20:31లో కూడా "క్రీస్తని మీరు నమ్మునట్లును" అనే ఉన్నది. కానీ దయ్యాలు చేసేది "నమ్మడం", మేము చేసేది "విశ్వాసం" అని విడదీసుకొన్నవారికి యాకోబు హెచ్చరిక తగలదు. ఆయన ఆ హెచ్చరిక చేసింది, నోటితో ఒప్పుకొని, బట్టలు లేని సహోదరునికి "సమాధానముగా వెళ్లుడి" అని చెప్పి పంపే మన వంటివారికే.

యోహాను సువార్త గురించి ఒక వింత విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఆ సువార్త మొత్తంలో పిస్తిస్ అనే నామవాచకం ఒక్కసారి కూడా రాదు, అంతా క్రియే. తెలుగులో "విశ్వాసముంచు" అని నామవాచకానికి "ఉంచు" చేర్చి క్రియ చేయవలసి వచ్చింది కనుక, ఆ సువార్తలో యోహాను ఎక్కడా వాడని ఆ నామవాచకమే మనకు అక్కడ అడుగడుగునా కనబడుతుంది. చేసే పని కాస్తా ఉంచే వస్తువు అయింది. సహోదరి గారు మొదట అడిగిన మోతాదు సమస్య ఇక్కడినుండి కూడా కొంత పుట్టి ఉండవచ్చునని నా అనుమానం. జర్మన్‌లో ఈ ఇబ్బంది లేదు, అక్కడ నామవాచకం, క్రియ ఒకే మాట నుండి వచ్చినవి. 1890 ప్రాంతంలో రష్యా నుండి నల్లగొండకు వచ్చి సేవ ఆరంభించిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు జర్మన్ మాట్లాడే మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవారు. వారి జనం చదువుకొన్నది లూథరు బైబిలు. వారు ఆ వినికిడితో ఇక్కడికి వచ్చి, తెలుగు పాఠం నుండి బోధించారు. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల సంఘాలలో విశ్వాసం అనే మాటకు ఉన్న బరువులో లూథరు వాటా ఎంత, తెలుగు పాఠం వాటా ఎంత అని ఎవరైనా శ్రద్ధగా పరిశోధిస్తే ఎంతో మేలు.

నర్సమ్మ గారు చెప్పిన కుష్ఠరోగి విషయంలో ఒక చిన్న సవరణ. గ్రీకు పిస్తిస్‌కు కృతజ్ఞత అనే అర్థం లేదు. ఊరి తెలుగులో విశ్వాసం అనే మాట అక్కడికి వెళ్లడం మన భాష ప్రత్యేకత. దానిని వ్యాఖ్యానంగా చెప్పవచ్చు, మాట అర్థమే అదని చెప్పకూడదు.

నల్లగొండ తెలుగు పంతులు

సవరణ న్యాయమైనది. వనపర్తి పెద్దల ఆందోళనకు నా మనవి ఏమిటంటే, వాక్యాన్ని తీసివేయనక్కరలేదు, దాని పక్కన ఇంకొక వాక్యాన్ని పెట్టి చదివితే చాలు. దేవరకొండ సహోదరి గారి కూడికలో రోమా 3:3ను, 3:22ను ఒకే కూర్చోవడంలో ఇద్దరి చేత గట్టిగా చదివించండి. "నమ్మతగినవాడు" అన్న చోటా, "విశ్వాసమూలమైనదై" అన్న చోటా మూలంలో ఒకే మాట ఉన్నదని చెప్పి కాసేపు ఆగండి. ఆ తరువాత 2 తిమోతి 2:13 చదవండి: "మనము నమ్మదగనివారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును." దీనికి గ్రీకు అవసరం లేదు, కంఠతా వచ్చిన తల్లులు మీకంటే ముందే అందుకొంటారు. గలతీ 5:22లో ఆత్మఫలాల వరుసలో "విశ్వాసము" ఉన్నది కదా, అక్కడ మాత్రం ఊరి అర్థంలోనే చదివించండి. ప్రేమ, దయాళుత్వము, మంచితనము, సాత్వికము, వీటి మధ్యన వచ్చే ఆ మాట ఇరుగుపొరుగు పట్ల, కుటుంబం పట్ల, కూలికి తీసుకువెళ్లిన మేస్త్రీ అయితే తన వెంట వచ్చిన కూలీల పట్ల, ఆడిన మాట తప్పకుండా ఉండటమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.